మోవర్ టైరుకు పంక్చర్ వేసే ముందు

కారు టైరులో సాధారణంగా 32 నుంచి 35 పీఎస్ఐ గాలి ఉంటుంది. అమెరికాలో కిరాయికి పచ్చికలు కోసేవాళ్ళు నడిపే జీరో టర్న్ మోవర్ వెనక టైరులో ఉండేది 10, 12, మహా అయితే 15. చూడ్డానికి కారు టైరుకంటే వెడల్పుగా, బొద్దుగా ఉంటుంది గానీ లోపలి గాలి మూడో వంతే. ఆ టైరు ఒకసారి రిమ్మును వదిలితే మళ్ళీ ఎందుకు తేలిగ్గా పట్టుకోదు, కారుకు సరిపోయే చిట్కా దీనికి ఎందుకు చాలదు అనే ప్రశ్నలకు జవాబు చాలావరకు ఈ ఒక్క తేడాలోనే ఉంది. పంక్చర్ వేయడం తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు. గాలి ఎక్కడ పోతోందో ముందు తేల్చుకుని, ఆ తర్వాత పానా పట్టుకునేవాళ్ళు తక్కువ. నా దృష్టిలో అసలు పని అదే.

ముందు మెషీన్ సంగతి చెప్పుకుందాం. డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో, అట్లాంటా పక్కన ఆల్ఫారెటాలోనో ఉంటున్న తెలుగువాళ్ళకు ఇది రోజూ కనిపించేదే. ఇంటి ముందు గడ్డి పెరిగితే కాలనీ సంఘం నుంచి ఉత్తరం వస్తుంది కాబట్టి చాలామంది వారానికో, రెండు వారాలకో కోసిపెట్టే బృందానికి ఆ పని అప్పగిస్తారు. ఆ బృందం ట్రెయిలర్ మీంచి దింపే మెషీన్‌కు స్టీరింగు చక్రం ఉండదు, రెండు మీటలు ఉంటాయి. వెనక రెండు చక్రాలకూ వేర్వేరు హైడ్రాలిక్ మోటార్లు. ఒక మీట ముందుకు, ఒకటి వెనక్కి వేస్తే మెషీన్ నిలబడిన చోటే గుండ్రంగా తిరుగుతుంది. ముందు చక్రాలు రెండూ ఎటు తోస్తే అటు తిరిగేవి, వాటికి ఇంజిన్‌తో సంబంధం లేదు. ఈ పద్ధతిని 1963లో కాన్సాస్ రాష్ట్రంలో జాన్ రెగియర్ అనే ఆయన మొదలుపెట్టాడు. ఇవాళ వ్యాపారానికి వాడే రకంలో 60 అంగుళాల డెక్కు, అంటే బ్లేడ్లు ఉండే పెట్టె, మామూలు. మెషీన్ బరువు 1,200 నుంచి 1,500 పౌన్లు, అంటే 550 నుంచి 680 కిలోల దాకా ఉంటుంది. వెనక టైరు మీద 24×12–12 అని ఉంటే 24 అంగుళాల ఎత్తు, 12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల రిమ్ము అని అర్థం. ముందువి 13×6.5–6 లాంటి చిన్న చక్రాలు.

ఇంత బరువు మోసే టైరులో అంత తక్కువ గాలి ఎందుకు? కింద ఉన్నది పచ్చిక కాబట్టి. మెత్తని టైరులో గాలి ఒత్తిడి ఎంతో, అది నేల మీద వేసే ఒత్తిడీ దాదాపు అంతే. 35 పీఎస్ఐ టైరు తడి నేలలో గాడి చేస్తుంది, వేళ్ళ దగ్గర మట్టిని గట్టిపరుస్తుంది. 10 పీఎస్ఐ టైరు పరుచుకుని, బరువును ఎక్కువ చోటికి పంచి, గడ్డిని వంచి వదిలేస్తుంది. పచ్చికకు జరిగే ఈ మేలుకు టైరు తన వంతు మూల్యం చెల్లిస్తుంది. టైరు అంచును రిమ్ముకు అదిమిపెట్టి ఉంచేది లోపలి గాలే. ఆ గాలి తక్కువైతే పట్టూ తక్కువే. మలుపులో కాంక్రీటు గట్టు పక్కకు తగిలితే చాలు, మేకు లేకుండానే, ముల్లు లేకుండానే అంచు ఊడి గాలంతా ఒక్కసారి పోవచ్చు.

రెండో సంగతి నిష్పత్తికి సంబంధించినది. 35లో 2 తగ్గితే కారు నడిపేవాడికి తెలియనే తెలియదు. 10లో 2 తగ్గితే అయిదో వంతు పోయినట్టు. చలి కూడా తన వాటా తీసుకుంటుంది. ఎండాకాలం 35 డిగ్రీల సెల్సియస్‌లో 10 పీఎస్ఐ కొట్టిన టైరు, ఒక్క బుడగ కూడా బయటికి పోకుండానే, 5 డిగ్రీల చలిలో 7.6కు దిగుతుంది. శీతాకాలమంతా షెడ్డులో ఉన్న మెషీన్‌ను మార్చిలో బయటికి తీసి, టైరు కుంగిందని చూసి పంక్చర్ కోసం వెతకడం మొదలుపెట్టేవాళ్ళు ముందు గాలి కొట్టి ఒక రాత్రి ఆగాలి. ఇంకో జాగ్రత్త: 100 దాకా చూపే మామూలు గేజి మీద 8కీ 11కీ తేడా నమ్మకంగా తెలియదు. 20 లేదా 30 దాకా మాత్రమే చూపే తక్కువ ఒత్తిడి గేజి ఒకటి కొని పనిముట్ల పెట్టెలో ఉంచుకోవాలి. మోవర్ ఉన్నవాళ్ళు కొనుక్కోదగ్గ వస్తువుల్లో ఇంత చవకగా ఇంత మేలు చేసేది నాకు ఇంకొకటి తోచదు.

ఇక్కడే మరొకటి చెప్పాలి, ఎందుకంటే గాలి తగ్గిందని చాలాసార్లు మొదట పట్టించేది టైరు కాదు, గడ్డి. బ్లేడ్లు ఉండే డెక్కు ఫ్రేముకు వేలాడుతుంది, ఫ్రేము టైర్ల మీద నిలబడుతుంది. ఒక వెనక టైరు అర అంగుళం కుంగితే డెక్కు ఆ పక్కకు ఒరుగుతుంది. కోసిన చాళ్ళ మధ్య మెట్టు కనిపిస్తుంది, ఒక పక్క గడ్డి మరీ కురచగా తెగి తర్వాత పసుపు తిరుగుతుంది. మీటలు రెండూ సమానంగా తోసినా మెషీన్ కుంగిన టైరు వైపు లాగుతుంది, ఎందుకంటే ఆ చక్రం ఒక చుట్టుకు పోయే దూరం తగ్గింది. ఇవి చూసి బ్లేడ్లు మార్చినవాళ్ళున్నారు, డెక్కు గొలుసులు సరిచేసినవాళ్ళున్నారు. డెక్కు మట్టం సరిచూసే పద్ధతి చెప్పే ఏ మాన్యువల్ తీసినా మొదటి అడుగు టైర్ల గాలి చూడమనే ఉంటుంది.

ఇక కారణాల్లోకి వస్తే, మేకులూ స్క్రూలూ అన్నిచోట్లా ఉన్నవే. కొత్తగా కట్టిన కాలనీల్లో, పైకప్పులు మార్చిన ఇళ్ళ చుట్టూ ఇంకా ఎక్కువ. టెక్సస్‌లోనూ పశ్చిమ రాష్ట్రాల్లోనూ మాత్రం ముళ్ళదే పెద్ద సమస్య, వాటిలో ఒకటి మనకు బాగా తెలిసినదే. మన చేలగట్ల మీద, బీళ్ళలో పాకే పల్లేరు అక్కడా పాకుతోంది. పసుపుపచ్చ పూవు, ఎండితే అయిదు ముక్కలుగా విడిపోయే కాయ, ముక్క ముక్కకూ గట్టి ముళ్ళు. ఎలా పడినా ఒక ముల్లు పైకి చూస్తూనే ఉంటుంది. అమెరికాకు అది పరాయి మొక్క. దాన్ని అదుపు చేయడానికి 1961లో ఇటలీ నుంచి రెండు రకాల ముక్కుపురుగుల్ని తెచ్చి వదిలారు. ఒకటి కాయల్ని తింటుంది, ఒకటి కాండాన్ని. అయినా పల్లేరు పోలేదు, సైకిళ్ళ ట్యూబులూ మోవర్ టైర్లూ ఇప్పటికీ దాని బాధితులే. రెండో ముల్లు మెస్కీట్ చెట్టుది. మన సర్కారు తుమ్మకు అది దగ్గరి చుట్టం. సర్కారు తుమ్మ అమెరికా ఖండాల నుంచి మన దేశానికి వచ్చిన చెట్టు, 1877లో కడప జిల్లా కమలాపురం దగ్గర జమైకా విత్తనాలతో నాటినట్టు లెక్క ఉంది. రాయలసీమలో ట్రాక్టరుకో, మోటారు సైకిలుకో ఆ ముల్లు దిగిన అనుభవం ఉన్నవాళ్ళకు మెస్కీట్ ముల్లు ఎంత లోతుకు పోతుందో వేరే చెప్పనక్కర్లేదు. పైన విరిగిపోయి, మొన మాత్రం రబ్బరులో మిగిలిపోవడం దాని గుణం. బయట ఏమీ కనబడదు, లోపల మాత్రం పొడుస్తూనే ఉంటుంది.

గాలి ఎక్కడ పోతోందో కనుక్కోవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. బకెట్టులో నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు ద్రవం, ఒక స్ప్రే సీసా చాలు. మాన్యువల్ చెప్పినంత గాలి కొట్టి, చక్రం మెషీన్‌కు ఉండగానే వరసగా చూసుకుంటూ పోవాలి. నేను మొదట వాల్వ్ దగ్గర మొదలుపెట్టమంటాను, ఎందుకంటే అది అన్నిటికంటే సులువైన మరమ్మతు, అందరూ ఆఖరికి చూసేదీ అదే. మూత తీసి, నోటి మీద ఒక చుక్క సబ్బునీళ్ళు వేయాలి. బుడగ లేస్తే లోపలి పిన్ను వదులైందో, దానికి ఇసుక పట్టిందో. పిన్ను బిగించి చూసి, ఆగకపోతే మార్చాలి. కార్లకూ మోటారు సైకిళ్ళకూ వాడే పిన్నే దీనికీ సరిపోతుంది. తర్వాత వాల్వ్ రబ్బరు నెక్కును మెల్లగా పక్కలకు వంచుతూ దాని మొదలు దగ్గర సబ్బునీళ్ళు చల్లాలి. ఎండకు ఎండి చీలిన నెక్కు నిటారుగా ఉన్నప్పుడు మూసుకుని, వంచినప్పుడు తెరుచుకుంటుంది. గడ్డి దుబ్బులకూ పొదలకూ రాసుకుంటూ పోయే చక్రానికి ఇది తరచూ జరిగేదే.

నెక్కు బాగుంటే రిమ్మూ టైరూ కలిసే చోట, రెండు పక్కలా, చుట్టూ చల్లాలి. ఇక్కడ పెద్ద బుడగలు రావు, తెల్లని సన్న నురగ మెల్లగా పేరుకుంటుంది. కాబట్టి నిమిషమో రెండు నిమిషాలో ఓపికగా చూడాలి. తడి గడ్డి రసం, ఎరువు గుళికలు, వాన కలిసి రిమ్ము అంచును తుప్పు పట్టిస్తాయి. తుప్పు పెచ్చులు లేచిన చోట తక్కువ ఒత్తిడి టైరు అంచు ఆనదు. సాయంత్రం గాలి కొడితే పొద్దున్నకు సగమయ్యే మొండి లీకుల్లో చాలావరకు ఇదే జాతి. దీనికి పంక్చర్ కిట్టు పనికిరాదు, టైరు ఊడదీసి రిమ్మును తీగ బ్రష్షుతో రుద్ది, నున్నగా చేసి, రంగు వేసి ఆరనిచ్చి మళ్ళీ ఎక్కించడమే దారి. చివరగా నేలను తాకే భాగం, ఆ తర్వాత పక్క గోడలు. పక్క గోడలో చీలికలు కనిపిస్తే, లోపలి దారాలు బయటపడితే ఆ టైరుకు మరమ్మతు లేదు. టైరు మార్చాలి.

కనిపించిన ముల్లునో మేకునో వెంటనే పీకేయకూడదు. చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, వాల్వ్ నుంచి ఎంత దూరమో గుర్తుపెట్టుకుని, పని మొదలయ్యేదాకా అలాగే ఉంచాలి. అది ఉన్నంతసేపు రంధ్రాన్ని అదే కొంత మూసి ఉంచుతుంది.

చక్రం విప్పాల్సి వస్తే మెషీన్‌ను పచ్చిక మీంచి గట్టి చదునైన చోటికి తేవాలి. మెత్తటి నేల మీద జాకీ దిగబడుతుంది. పూర్తిగా చదునైన టైరు మీద నడిపిస్తే రిమ్ము అంచు టైరును లోపలినుంచి కోసేస్తుంది కాబట్టి తాత్కాలికంగానైనా గాలి కొట్టి కదిలించాలి. బ్లేడ్లు ఆపి, పార్కింగ్ బ్రేకు వేసి, ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసేయాలి. ఆ బ్రేకు పట్టుకునేది వెనక చక్రాలనే. అందులో ఒకదాన్ని పైకి లేపితే మిగిలిన ఒక్క చక్రం మీదే ఆధారం, ముందువి ఎటంటే అటు తిరిగేవి. కాబట్టి నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు అడ్డుపెట్టకుండా జాకీ తాకకూడదు. మెషీన్‌ను చేత్తో తోయడానికి హైడ్రాలిక్ పంపుల దగ్గర బైపాస్ తెరిచి ఉంటే దాన్ని మూసేయాలి. జాకీని వెనక ఫ్రేము కిందే పెట్టాలి, డెక్కు కిందా, హైడ్రాలిక్ మోటారు కిందా, ఆయిల్ ఫిల్టరు కిందా పెట్టకూడదు. లేపిన వెంటనే ఫ్రేము కింద స్టాండు పెట్టి, బరువు దాని మీద దించాలి. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన మెషీన్ దగ్గర చేయి పెట్టడం ఎంత చిన్న పనికైనా తగదు.

నట్లు చక్రం నేల మీద ఉండగానే పావు చుట్టు వదులు చేసి, తర్వాత పైకి లేపాలి. చక్రాన్ని పట్టుకునేవి చుట్టూ ఉన్న నాలుగో ఐదో నట్లు. నడుమ కనిపించే పెద్ద నట్టు హబ్బును ఇరుసుకు బిగించేది, దాన్ని ముట్టుకోకూడదు. ముందు చక్రమైతే ఫోర్కులోంచి అడ్డంగా పోయే ఒకే ఇరుసు బోల్టు ఉంటుంది. అది లాగితే బేరింగులూ, వాటి పక్క గొట్టాలూ, రింగులూ వరసగా బయటికొస్తాయి. ఆ వరస తప్పితే చక్రం ఊగుతుంది, అందుకని విప్పేటప్పుడే ఒక ఫొటో తీసుకోవడం మంచిది.

నేలను తాకే భాగంలో చిన్న రంధ్రం, టైరులో మిగతా అంతా బాగుంది అనుకుందాం. అప్పుడు చేయగలిగినవి నాలుగు, అన్నీ సమానం కావు.

బయటినుంచి స్ట్రిప్పు దూర్చడం అన్నిటికంటే వేగం. చక్రం విప్పనక్కర్లేదు. ముల్లు పీకి, గరుకు సూదితో రంధ్రాన్ని శుభ్రం చేసి, జిగురు రాసిన స్ట్రిప్పును దూర్చి, బయట మిగిలింది కోసేయడమే. ట్యూబ్‌లెస్ మోటారు సైకిళ్ళకు మన ఊళ్ళలో చేసేదీ ఇదే. మోవర్ టైరుకు ఇది ఒక్కోసారి నిలవదు. కారు టైరులో నేలను తాకే భాగం మందం, కింద ఉక్కు తీగల పొరలు. పచ్చిక టైరులో గాడుల్లో రబ్బరు పలచన, కింద నైలాన్ లాంటి దారాల పొరలే. స్ట్రిప్పు పట్టుకోవడానికి తగినంత గోడ ఉండదు. రబ్బరు దిట్టంగా ఉన్న చోట రంధ్రం పడితే వేయొచ్చు, గాడిలో పడితే ఆ పూట గడుస్తుందని మాత్రమే అనుకోవాలి.

వాల్వ్‌లోంచి పోసే సీలెంటు రెండోది. పావు అంగుళం లోపు రంధ్రాలకు, ముఖ్యంగా పల్లేరు ముళ్ళలాంటి సన్నటివి పదిహేను ఇరవై చోట్ల దిగినప్పుడు, ఇది నిజంగా పనిచేస్తుంది. టైరు తిరుగుతుంటే ద్రవంలోని పీచు రంధ్రంలోకి వెళ్ళి గడ్డకడుతుంది. పక్క గోడలకూ రిమ్ము తుప్పుకూ దీన్ని నమ్ముకోకూడదు. ఒకసారి పోశాక ఆ టైరుకు లోపల ప్యాచ్ వేయాలంటే ముందు ఆ జిగటంతా కడిగి ఆరబెట్టాలి. గాలి చూసేటప్పుడు వాల్వ్‌ను పైకి తిప్పుకోవాలి, లేకపోతే ద్రవం గేజిలోకి వస్తుంది. ముళ్ళ ప్రాంతంలో పనిచేసేవాళ్ళు కొత్త టైరులోనే ముందుజాగ్రత్తగా పోసుకోవడం తెలివైన పని. మిగతాచోట్ల దీన్ని మరమ్మతు కింద లెక్కవేయడం నాకు ఇష్టం లేదు.

మూడోది లోపలినుంచి ప్యాచ్, నాలుగోది లోపల ట్యూబు. ఈ రెంటికీ టైరు అంచును రిమ్ము మీంచి దించాలి, చాలామంది చెమటోడ్చేది అక్కడే.

టైరు లోపలి అంచులో సాగని ఉక్కు తీగ చుట్ట ఉంటుంది, షాపుల్లో దాన్ని బీడ్ అంటారు. రిమ్ము అంచు చుట్టుకొలత బీడ్‌కంటే పెద్దది. సాగని చిన్న చుట్ట పెద్ద అంచును దాటి ఎలా రాగలదు? దానికోసమే రిమ్ము నడుమ లోతుగా ఒక గాడి చేసి ఉంటుంది. లీవర్లు వేస్తున్న చోటికి సరిగ్గా ఎదుటి పక్క బీడ్‌ను ఆ గాడిలోకి తొక్కిపెడితే, ఇటు పక్క దాటడానికి కావలసిన వదులు దొరుకుతుంది. ఇది తెలిస్తే రెండు లీవర్లు, సబ్బునీళ్ళతో పని అయిపోతుంది. తెలియకపోతే ఎంత బలం వేసినా బీడ్ తీగ వంగుతుంది, రిమ్ము సొట్టపడుతుంది, టైరు మాత్రం రాదు. ముందుగా వాల్వ్ పిన్ను పూర్తిగా తీసి లోపల గాలి లేకుండా చేయాలి. తుప్పుతో అతుక్కున్న బీడ్‌ను వదిలించడానికి పక్క గోడ మీద, రిమ్ముకు ఆనుకుని, చెక్క దిమ్మె పెట్టి మెల్లగా బరువు వేయాలి. నేరుగా సుత్తితో కొట్టకూడదు.

ప్యాచ్ వేయడంలో తొందర పనికిరాని ఘట్టం ఒకటుంది. రంధ్రం చుట్టూ లోపలి గోడను ఆకురాయితోనో గరుకు కాగితంతోనో నల్లని మెరుపు పోయేదాకా రుద్ది, దుమ్ము తుడిచి, సొల్యూషన్ పలచగా రాయాలి. రాసిన వెంటనే ప్యాచ్ అతికించేవాళ్ళే ఎక్కువ. సొల్యూషన్ మామూలు జిగురు కాదు. రబ్బరును గంధకంతో కలిపి వేడి చేస్తే గట్టిపడి నిలుస్తుందని ఛార్లెస్ గుడ్ఇయర్ 1839లో కనుక్కున్నాడు. ఆ వల్కనైజింగ్ చర్యనే వేడి లేకుండా, ప్యాచ్ అడుగు పొరకూ టైరు గోడకూ మధ్య ఈ సొల్యూషన్ జరిపిస్తుంది. దానిలోని ద్రావకం ఆవిరై పోవాలి. వేలి వెనక భాగంతో తాకితే తడి అంటకుండా, జిగటగా మాత్రమే తగలాలి. అప్పుడు ప్యాచ్ పెట్టి, నడుమ నుంచి అంచులకు, గాలి బుడగ మిగలకుండా గట్టిగా రుద్దాలి. తడిగా ఉండగా అతికించిన ప్యాచ్ కింద ద్రావకం చిక్కుకుపోయి రెండు రోజులకు అంచులు లేస్తాయి.

ఒకటి కంటే ఎక్కువ రంధ్రాలున్నా, రిమ్ము తుప్పుపట్టి ఉన్నా నేను ట్యూబు వైపే మొగ్గుతాను. రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్లు పోయే కారు టైరుకు ట్యూబు వేస్తే రాపిడి వేడి ప్రమాదం. మోవర్ సాధారణంగా గంటకు 10, 12 మైళ్ళు దాటదు, ఆ వేడి పుట్టదు. సైజు టైరు మీద రాసినదే ఉండాలి, చిన్న చక్రాలకు వంపు నెక్కు ఉన్నది తీసుకోవాలి. పాత రబ్బరు నెక్కును కోసి తీసేయాలి. టైరు లోపల గుడ్డతో చుట్టూ తడిమి చూడాలి, ఉత్త వేళ్ళతో వద్దు. గుడ్డ తగులుకున్న చోటల్లా విరిగిన ముల్లు మొన ఉంటుంది, లోపలినుంచి పటకారుతో లాగాలి. ఒక్కటి మిగిలినా కొత్త ట్యూబు ఆ వారమే పోతుంది. కొంచెం టాల్కం పౌడరు చల్లి, ట్యూబుకు ఆకారం వచ్చేంత గాలి మాత్రం పట్టి లోపల పెడితే మడతలు పడదు, లీవరు కింద నలగదు. బీడ్ కూర్చున్నాక గాలి పూర్తిగా వదిలి మళ్ళీ కొట్టాలి, ట్యూబు సర్దుకుంటుంది.

ట్యూబు లేకుండా టైరు ఎక్కించినప్పుడు వచ్చే చిక్కు వేరు. గాలి కొడుతుంటే అంతా పక్కలనుంచి బయటికే పోతుంది. నిలవ ఉన్న వెడల్పు టైరు అంచులు లోపలికి ముడుచుకుని, రిమ్ముకూ బీడ్‌కూ మధ్య సందు ఉండిపోతుంది. కారు లైటరుకు తగిలించే చిన్న పంపు 100 పీఎస్ఐ అని చెప్పుకున్నా ఇక్కడ చేతులెత్తేస్తుంది. కావలసింది ఒత్తిడి కాదు, ఒక్క ఉదుటున పోయే గాలి పరిమాణం. ట్యాంకు ఉన్న కంప్రెసరు, తీసేసిన వాల్వ్ పిన్ను, బీడ్ చుట్టూ సబ్బునీళ్ళు ఉంటే సగం టైర్లు అక్కడికక్కడే కూర్చుంటాయి. మిగిలిన సగానికి ట్రెయిలర్ మీద సరుకు బిగించే రాచెట్ బెల్టు పనికొస్తుంది. బండి చక్రానికి ఇనప పట్టా ఎక్కించినట్టు టైరు చుట్టుకొలత నడుమ బెల్టు వేసి మెల్లగా బిగిస్తే మధ్యభాగం నొక్కుకుని పక్క గోడలు బయటికి, రిమ్ము వైపుకు జరుగుతాయి. గాలి నిలవడం మొదలైన క్షణంలోనే బెల్టు వదులు చేయాలి.

ఇంత ఓపిక లేక, మండే స్ప్రే చల్లి నిప్పు అంటించి టైరును ఒక్క పేలుడుతో కూర్చోబెట్టే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. దాన్ని ఎవరూ చేయకూడదు. ఎంత ఒత్తిడి పుడుతుందో చేసేవాడి చేతిలో లేదు. కాలకుండా మిగిలిన ఆవిరి లోపలే ఉండి తర్వాత ఎవరి వెల్డింగు నిప్పుకో అంటుకోవచ్చు. మామూలు గాలి విషయంలోనూ లెక్క ఒకటి గుర్తుంచుకోవాలి. 24 అంగుళాల టైరు ఒక పక్క గోడ వైశాల్యం సుమారు 340 చదరపు అంగుళాలు. 30 పీఎస్ఐ దగ్గర ఆ గోడను తోసే బలం 10,000 పౌన్లు దాటుతుంది, అంటే నాలుగున్నర టన్నులు. బీడ్ కూర్చోబెట్టడానికి ఎంతకు మించకూడదో టైరు పక్కనే ముద్రించి ఉంటుంది. అంతకు చేరినా కూర్చోకపోతే గాలి వదిలి, మళ్ళీ సబ్బు రాసి మొదలుపెట్టాలి. పొడవైన గొట్టంతో, క్లిప్పులా పట్టుకునే నోజిలుతో, టైరు పక్క గోడకు ఎదురుగా కాక, నేలను తాకే భాగం వైపు నిలబడి కొట్టాలి. ఈ పని చేసేవాళ్ళలో మెక్సికో, మధ్య అమెరికా దేశాల నుంచి తాత్కాలిక వీసాల మీద వచ్చినవాళ్ళూ ఉన్నారు. పొద్దుపోయేలోగా ఇంకా నాలుగు ఇళ్ళు మిగిలి ఉన్నాయన్న తొందరలో రోడ్డు పక్కనే టైరు విప్పేవాళ్ళు. పొడవాటి గొట్టమూ, స్టాండూ, తక్కువ ఒత్తిడి గేజీ ట్రెయిలర్‌లో ఉంచవలసిన బాధ్యత వాళ్ళది కాదు, పనిలో పెట్టుకున్న యజమానిది.

చక్రం తిరిగి ఎక్కించాక నట్లను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించి, చివరి బిగింపు నేల మీదకు దించాక టార్క్ పానాతో, మాన్యువల్‌లో రాసినంతకే ఇవ్వాలి. కొన్ని గంటలు నడిచాక మళ్ళీ ఒకసారి చూడాలి. వెనక టైరు ఒక్కటే కొత్తది వేయాల్సి వస్తే రెండో పక్కది ఎంత అరిగిందో కొలవాలి. రెంటి ఎత్తుల్లో తేడా ఉంటే మెషీన్ తిన్నగా పోదు. వెనకవి జతగా మార్చడం ఖర్చే, కానీ మీటల అమరిక పదేపదే సరిచేసుకునే బాధ తప్పుతుంది. మర్నాడు పొద్దున గాలి చూసి, నాలుగు టైర్లూ సరిగ్గా ఉన్నాకే డెక్కు మట్టం కొలవాలి.

గాలే లేని టైర్లు పెట్టుకుంటే ఈ బాధంతా ఉండదు కదా అని అడిగేవాళ్ళున్నారు. ముందు చిన్న చక్రాలకు నిండు రబ్బరువి లేదా నురగ నింపినవి పెట్టుకోమనే నేనూ అంటాను. వాటి మీద బరువు తక్కువ, అవి నడిపించే చక్రాలు కావు, ముళ్ళూ గట్లూ మొదట తాకేవి అవే. వెనక చక్రాల సంగతి అలా కాదు. వాటిలో నురగ నింపితే మెత్తదనం పోయి కుదుపంతా ఫ్రేముకూ మనిషి నడుముకూ చేరుతుంది, అదనపు బరువు హైడ్రాలిక్ మోటార్ల మీద పడుతుంది. దీనికి మిషెలిన్ కంపెనీ వేరే దారి వెతికింది. చుట్టూ రబ్బరు పట్టీ, నడుమ హబ్బు, రెంటినీ కలుపుతూ వంగే పాలీయూరిథేన్ ఆకులు. ట్వీల్ అనే ఈ చక్రాన్ని 2005లో చూపించి, 2014లో సౌత్ కరొలైనాలోని పీడ్‌మాంట్‌లో దానికోసం ఫ్యాక్టరీ తెరిచింది. మోవర్లకు వాడే రకమూ వచ్చింది. గాలి టైరుకంటే ధర బాగా ఎక్కువ. ఏడాదికి రెండు మూడు పంక్చర్లు పడే చోట ఆ డబ్బు పెట్టడం అనవసరం. రోజుకు పది పచ్చికలు కోస్తూ, వారం విడిచి వారం మెస్కీట్ ముల్లు పీక్కునే బృందానికి మాత్రం, పోయిన పనిగంటల లెక్క రాసుకుని చూస్తే, వెనక జత వరకు అది కొనదగినదే.